పానగల్లు గుడి నీడ, రాత్రంతా దిగిన గీతలు

కంప్యూటర్ తెర మీద బొమ్మ పైనుంచి ఒక్కో గీతగా దిగేది. వెడల్పుకు 640 చుక్కలు, ఎత్తుకు 480 గీతలు. మొదట వచ్చేవన్నీ నల్లగీతలే, ఎందుకంటే బొమ్మలో పైభాగం గర్భగుడి కప్పు. గంటసేపు కూర్చుంటే ద్వారబంధం పైకమ్మి కనబడేది. ఇంకో గంటకు వెనక గోడ మొదలయ్యేది. మాకు కావాల్సింది ఆ గోడ మీదే ఉంది. అందుకే రాత్రి రెండైనా మా ముగ్గురిలో ఒక్కరికీ నిద్ర వచ్చేది కాదు.

2001 ఎండాకాలం సంగతి ఇది. నల్గొండ క్లాక్ టవర్ సెంటర్ నుంచి కొద్దిగా లోపలికి వస్తే ఒక మేడ మీద కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ ఉండేది. టాలీ, ఎంఎస్ ఆఫీస్, సీ లాంగ్వేజ్, డీటీపీ నేర్పేవాళ్ళు. నేను డిగ్రీ రెండో సంవత్సరంలో ఉన్నాను, సీ నేర్చుకోవడానికి చేరాను. క్లాసులు రాత్రి ఎనిమిదికి అయిపోయేవి. అయినా ఒక సిస్టం మాత్రం ఆరేది కాదు. దాని ముందు ఇన్‌స్టిట్యూట్ సార్, నాకంటే ఏడాది పెద్దవాడైన ఒక బీఎస్సీ అన్న కూర్చుని ఏదో చేస్తుండేవాళ్ళు. ఒకరోజు చెప్పులు వేసుకుంటూ లోపలికి చూశాను. స్క్రీన్ మీద నలుపు తెలుపు గళ్ళ నేల, దాని మీద అద్దంలాంటి గుండు. ఆ గుండులో గళ్ళన్నీ వంగి కనబడుతున్నాయి. ఎవరో తీసిన ఫొటో అనుకున్నాను. "ఫొటో కాదు తమ్మీ, రాసింది" అన్నాడు అన్న. చెప్పులు మళ్ళీ విప్పేసి లోపలికి వచ్చాను. ఆ రాత్రి ఇంటికి వెళ్ళేసరికి పదకొండు దాటింది.

సార్ హైదరాబాద్ కోఠీలో ఫుట్‌పాత్ మీద పాత మ్యాగజైన్లు కొనేవారు. వాటిలో ఒకదానితో వచ్చిన సీడీలో దొరికిందట ఆ సాఫ్ట్‌వేర్. పేరు పోవ్-రే. ఉచితం. అందులో మౌస్‌తో గీసేది ఏమీ ఉండదు, అన్నీ రాయాలి. కెమెరా ఎక్కడుంది, ఎటు చూస్తోంది, దీపం ఎక్కడుంది, ఎదురుగా ఉన్నది గుండా, పెట్టెనా, స్తంభమా, దాని రంగేంటి, నునుపెంత. ఇవన్నీ అంకెల్లో రాసి ఇస్తే వెలుగు సంగతి అది చూసుకుంటుంది.

ఎలా చూసుకుంటుందో అన్న కాగితం మీద గీసి చెప్పాడు. నిజంగా అయితే వెలుగు దీపం నుంచి బయల్దేరి, వస్తువుల మీద పడి, మన కంటికి వస్తుంది. కానీ దీపం నుంచి బయల్దేరే కిరణాల్లో కంటిదాకా వచ్చేవి చాలా తక్కువ. మిగిలినవన్నీ లెక్కించడం దండగ. అందుకని లెక్కను తిరగేశారు. కంటి నుంచి తెరమీది ఒక్కో చుక్క గుండా ఒక గీత బయటికి పంపుతారు. అది దేనికి తగిలితే అక్కడ ఆగి, దీపం వైపు ఇంకో గీత గీస్తారు. మధ్యలో అడ్డం ఏమీ లేకపోతే ఆ చోట వెలుగు, అడ్డముంటే నీడ. దీన్నే రే ట్రేసింగ్ అంటారు.

మా నాయన తెలుగు పండిట్. ఇంటికి వెళ్ళి ఈ సంగతి చెబితే, అన్నం కలుపుతూ ఆగిపోయాడు. కంటి నుంచి తేజస్సు బయల్దేరి వస్తువును తాకితేనే చూపు కలుగుతుందని మన న్యాయ దర్శనం చెబుతుందట. "మనోళ్ళు చూపు గురించి అన్న మాట వాళ్ళు లెక్కకు వాడుకున్నరన్నట్టు" అన్నాడు. అప్పటిదాకా కంప్యూటర్ చదువంటే నాయనకు పెద్దగా ఇష్టం ఉండేది కాదు. ఆ రాత్రి మాత్రం ఇంకో రెండు ప్రశ్నలు అడిగాడు.

ఈ రే ట్రేసింగ్‌ను అద్దంలాంటి గుండులో కనబడే ప్రతిబింబాల దాకా తీసుకెళ్ళిన మనిషి, అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధనాశాలలో పనిచేసిన టర్నర్ విట్టెడ్ అని చాలా ఏళ్ళ తర్వాత చదివాను. ఆయన పేపర్ 1980లో వచ్చింది. అందులోని బొమ్మ కూడా గళ్ళ నేల మీద గుండ్లే, మాలాగే 640, 480 చుక్కలే. ఆ కాలపు పెద్ద కంప్యూటర్ మీద దానికి 74 నిమిషాలు పట్టిందట. అది చదివినప్పుడు నాకు మా ఇన్‌స్టిట్యూట్ గది, పక్కన గిర్రున తిరిగే టేబుల్ ఫ్యాన్ గుర్తొచ్చాయి.

నెలరోజులు గుండ్లు, గ్లాసులు, పాలరాతి బల్లలు చేశాం. తర్వాత ఒకరోజు సార్ "మనూరి వస్తువు ఏదన్నా చేద్దాం" అన్నారు. అన్న క్లాక్ టవర్ అన్నాడు. నేను పానగల్లు అన్నాను.

నల్గొండ వాళ్ళకు చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళకు చెబుతాను. పట్నానికి నాలుగు కిలోమీటర్ల లోపే పానగల్లు ఉంది. ఒకప్పుడు కుందూరు చోడుల రాజధాని. అక్కడ ఉదయసముద్రం చెరువు దగ్గర్లో, పొలాల మధ్య ఛాయా సోమేశ్వరాలయం. పదకొండు, పన్నెండు శతాబ్దాల నాటి కట్టడం. ఒకే మంటపం చుట్టూ మూడు గర్భగుళ్ళు. అందులో సోమేశ్వరుడి గర్భగుడిలో, లింగం వెనక గోడ మీద, స్తంభంలాంటి నీడ ఒకటి ఉంటుంది. పొద్దున చూసినా అక్కడే, మధ్యాహ్నం చూసినా అక్కడే, సాయంత్రమైనా అక్కడే. సూర్యుడు కదులుతాడు, నీడ కదలదు.

చిన్నప్పుడు మా నాయినమ్మ ప్రతి కార్తీకంలో నన్ను వెంటపెట్టుకుని వెళ్ళేది. "గా నీడ ఏ స్తంభానిదో చెప్పు బిడ్డా" అని అడిగేది. నేను పరుగెత్తి ఒక స్తంభం పక్కన నిలబడి చెయ్యి ఊపేవాణ్ణి. నీడలో చెయ్యి కనబడేది కాదు. ఇంకో స్తంభం దగ్గర ఊపేవాణ్ణి. అక్కడా అంతే. వచ్చినవాళ్ళందరూ అదే పని చేసేవాళ్ళు. పెద్దవాళ్ళు కూడా. నాయినమ్మ మాత్రం ఎప్పుడూ చెయ్యి ఊపలేదు. గడప ఇవతల కూర్చుని, కొంగు తల మీదికి లాక్కుని, ఆ నీడనే చూస్తూ ఉండేది.

ఆ గుడి చేద్దామంటే సార్ కళ్ళు పెద్దవయ్యాయి. "కొలతలు?" అన్నారు. కొలతలు నేను తెస్తానన్నాను.

అమ్మ కుట్టుమిషన్ టేపు 60 అంగుళాలే. దాంతోనే మూడు ఆదివారాలు కొలిచాను. అన్న టేపు ఒక కొస పట్టుకునేవాడు, నేను లాంగ్‌నోట్‌బుక్‌లో రాసేవాణ్ణి. స్తంభానికీ స్తంభానికీ మధ్య దూరం, గడప ఎత్తు, ద్వారం వెడల్పు, ద్వారం నుంచి వెనక గోడ దాకా ఎంత. గర్భగుడిలోకి టేపు పట్టుకుని వెళ్ళడం మాకు మనసొప్పలేదు. లోపలి కొలతలు పూజారిగారే కొలిచి చెప్పారు. మొదట ఆయన "సర్కారోళ్ళు పంపిండ్రా నాయనా?" అని అడిగారు. కాదు, కంప్యూటర్‌లో ఈ గుడి కట్టి నీడ వస్తుందో లేదో చూస్తామని చెప్పాను. కాసేపు నా ముఖం చూశారు. "వస్తే నాకూ చూపెట్టాలె" అన్నారు. అంతే, టేపు తీసుకుని లోపలికి వెళ్ళారు.

శిల్పాలు వదిలేశాం. స్తంభాల్లో చదరపు భాగాలకు పెట్టె, గుండ్రటి భాగాలకు సిలిండర్. రాయికి బూడిద రంగు. ఆకాశంలో సూర్యుడి కోసం ఒక దీపం. నల్గొండ 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కాబట్టి గంట గంటకూ సూర్యుడు ఎక్కడుంటాడో సైన్, కొసైన్ లెక్కలు నేనే వేశాను. పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఐదు దాకా పదకొండు బొమ్మలు. నాకు గట్టి నమ్మకం, నీడ దానంతటదే వస్తుందని.

రాలేదు. గర్భగుడి బొగ్గులా ఉంది. వెనక గోడ నుంచి సూర్యుడి వైపు గీసిన గీతలు బయటికి వెళ్ళే దారే లేదు, రాయి అడ్డం. మంటపం అంచున మాత్రం స్తంభాల నీడలు కత్తితో కోసినట్టు పడి, గడియారం ముల్లులా గంట గంటకూ తిరిగాయి. అయితే లోపల వెలుగు తక్కువైందనుకున్నాం. పోవ్-రేలో యాంబియంట్ అని ఒక అంకె ఉంటుంది. దాన్ని పెంచితే నీడలో ఉన్న చోట్లు కూడా కాస్త వెలుగుతాయి. పెంచాం. గర్భగుడి కనబడింది కానీ అన్ని గోడలూ ఒకే బూడిద, కాగితం అతికించినట్టు. నీడ లేదు. అంకె తగ్గిస్తే నలుపు, పెంచితే కాగితం. పది రోజులు ఈ రెంటి మధ్యే తిరిగాం. అన్నకు పరీక్షలు దగ్గరపడ్డాయి. సార్ "ఏదన్నా రహస్యం ఉందేమోలే, దేవుని సంగతి" అనడం మొదలుపెట్టారు. నాకు మాత్రం టెన్షన్‌తో అన్నం దిగేది కాదు. గుడిలో ఉన్నది బొమ్మలో లేదంటే మేం రాసినదాంట్లో ఏదో తక్కువైనట్టే కదా.

ఒక ఆదివారం టిఫిన్ గిన్నె కట్టించుకుని ఒక్కణ్ణే వెళ్ళాను. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఐదు దాకా గర్భగుడి ఎదురుగా కూర్చున్నాను. నాయినమ్మ కూర్చునే చోటే. బయట మట్టిలో ఒక పుల్ల పాతి, దాని నీడ కొస దగ్గర గంటకొక రాయి పెట్టాను. సాయంత్రానికి రాళ్ళు వరసగా పడమటి నుంచి తూర్పుకు తిరిగాయి. లోపలి నీడ గోడ రాళ్ళ అతుకుల మధ్య ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ అయిపోతుందో నోట్‌బుక్‌లో గీసుకున్నాను. తొమ్మిది గీతలు గీశాను, తొమ్మిదీ ఒకే చోట. ఒక్కటి మాత్రం ఆ రోజు మొదటిసారి గమనించాను. ఆ నీడకు అంచు లేదు. నడుమ ముదురు, రెండు పక్కలకూ మెల్లగా పలచబడి గోడలో కలిసిపోతుంది. బయట పుల్ల నీడకు గీసినట్టు అంచుంది. ఇన్నేళ్ళు చూశాను, ఎప్పుడూ ఇది చూడలేదు.

జవాబు గుడిలో దొరకలేదు, మా ఇంట్లో దొరికింది. మాది పాత ఇల్లు, నడిమింట్లోకి వెలుగు వచ్చేది ఒక్క దర్వాజ నుంచే. రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం పడుకుని ఉన్నాను. అమ్మ గడప మీద బియ్యం ఏరుతోంది. ఎదురుగా మూలకు మంచినీళ్ళ రంజన్. దాని వెనక గోడ మీద మసక నీడ. అంచుల్లేని నీడ. ఆ గదిలోకి ఏనాడూ ఎండ పడదు. మరి ఆ నీడ సూర్యుడిది కాదు. దర్వాజది! దర్వాజ నిండా ఉన్న వెలుగుకు రంజన్ అడ్డం వచ్చింది. సూర్యుడు ఎటు తిరిగినా దర్వాజ కదలదు, రంజన్ కదలదు, అందుకని నీడా కదలదు. లేచి వెళ్ళి చెయ్యి ఊపాను. గోడ మీద చెయ్యి కనబడలేదు, కొంచెం మసక మాత్రం కదిలినట్టనిపించింది. అంత పెద్ద దర్వాజ ముందు నా చెయ్యెంత? "ఏమైందిరా?" అంది అమ్మ. చొక్కా తొడుక్కుంటూనే సైకిల్ తీశాను.

ఆ రాత్రి సూర్యుణ్ణి తీసేశాం. మంటపానికి బయటి వెలుగు వచ్చే ఖాళీల దగ్గర, ఆ ఖాళీ అంత వెడల్పుగా దీపాలు పెట్టాం. ఏరియా లైట్ అంటారు. ఒక్క చుక్క దీపం బదులు, వరసలు వరసలుగా చిన్న చిన్న దీపాల చాప. గోడ మీది ఒక్కో చోటు నుంచి ఆ చాపలో ఎంత భాగం కనబడుతుంది, స్తంభాలు ఎంత భాగాన్ని కప్పేస్తున్నాయి అనేదే ఇప్పుడు లెక్క. అందుకే అంచులు మెత్తబడతాయి. అందుకే లెక్క పెరిగి కంప్యూటర్ నత్తలా నడుస్తుంది. వరసకు తొమ్మిది చొప్పున తొమ్మిది వరసలు పెట్టాం, అంటే ఒక్కో ఖాళీకి 81 దీపాలు. మా సిస్టంలో ఉన్నది 64 ఎంబీ ర్యామ్.

మొదటి రాత్రి మూడింటికి కరెంటు పోయింది. యూపీఎస్ పది నిమిషాలు అరిచి ఆగిపోయింది. సగం బొమ్మ అక్కడితో ఆగింది. ఆగిన బొమ్మను ఆగిన చోటి నుంచి కొనసాగించే వీలు పోవ్-రేలో ఉందని అన్న మాన్యువల్ తిరగేసి కనిపెట్టాడు. మర్నాడు రాత్రి అక్కడి నుంచి మళ్ళీ పెట్టాం.

తెల్లవారుజామున వెనక గోడ గీతలు దిగడం మొదలైంది. ఒక గీతలో ఏముందో తెలియదు. పది గీతలు వచ్చాక కూడా తెలియదు. నలభై గీతలు దిగాక నడుమ కొంచెం ముదురుగా ఉన్నట్టు అనిపించింది. ఎవరం నోరెత్తలేదు. ఇంకో నలభై దిగాక సార్ ట్యూబ్‌లైట్ ఆర్పారు, స్క్రీన్ బాగా కనబడాలని. ఉంది. రెండు పక్కలా పలచబడుతూ, నడుమ ముదురుగా, స్తంభంలాగే నిలబడి ఉంది. దాన్ని మేం ఎక్కడా గీయలేదు. రాళ్ళను పెట్టాం, ఖాళీలను పెట్టాం, అంతే. అన్న నా భుజం గట్టిగా పట్టుకున్నాడు. సార్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

ఆ తర్వాత చేసిన పని నాకు ఇంకా ఇష్టం. చిన్నప్పుడు చెయ్యి ఊపి కనుక్కోలేనిది ఇక్కడ కనుక్కోవచ్చు. స్తంభం గురించి రాసిన లైన్ల ముందు రెండు ఏటవాలు గీతలు పెడితే చాలు, ఆ స్తంభం లేనట్టే. వెయ్యేళ్ళ గుడిలో ఒక స్తంభం తీసి చూడటం ఎవరి తరం? ఒకటి తీశాం. నీడ పోలేదు, ఒక పక్క పలచబడింది. దాన్ని పెట్టేసి ఇంకోటి తీశాం. ఇంకో పక్క పలచబడింది. రెండూ తీస్తే గోడంతా ఒకేలా అయిపోయింది. మా బొమ్మలో ఆ నీడ ఏ ఒక్క స్తంభానిదీ కాదు. చెరో పక్క నుంచి వచ్చే వెలుగును చెరో స్తంభం ఆపితే, రెండు మసకలు కలిసిన చోట మూడో స్తంభం నిలబడింది.

గోడ నుంచి గోడకు తిరిగే మెత్తటి వెలుగును కూడా లెక్కగట్టే పద్ధతి రేడియోసిటీ అని తర్వాత తెలిసింది. 1984లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో నలుగురు దాన్ని బొమ్మలకు తెచ్చారు. అసలు అది వేడి ఒక గోడ నుంచి ఇంకో గోడకు ఎలా చేరుతుందో లెక్కించే ఇంజనీర్ల పద్ధతి. రంగు గోడ పక్కన తెల్ల పెట్టె పెడితే పెట్టె మీద ఆ రంగు కొద్దిగా పులుముకుంటుంది కదా, అది కూడా ఆ లెక్కలో వస్తుంది. పోవ్-రేలో అదే పేరుతో ఒక సదుపాయం ఉంది, లోపలి లెక్క వేరైనా ఉద్దేశం అదే. దాంతో మరో బొమ్మ చేస్తే గర్భగుడి రాయి ఇంకా రాయిలా కనబడింది. కొన్నేళ్ళకు సూర్యాపేటలో ఫిజిక్స్ చెప్పే లెక్చరర్ ఒకరు ఈ నీడ సంగతి నమూనా కట్టి వివరించారని పేపర్లో చదివి ఎంత సంతోషించానో.

డీటీపీ షాపులో కలర్ ప్రింట్ తీయించి పూజారిగారికి తీసుకెళ్ళాను. ఆయన దాన్ని గర్భగుడి ముందు పట్టుకుని, అటూ ఇటూ చూసి, "నూనె దీపం లేదు నీ బొమ్మల" అన్నారు. నిజమే. ప్రింట్‌కు బొట్టు పెట్టి మంటపంలో ఒక మూల పెట్టుకున్నారు.

నాయినమ్మకు అప్పటికి చూపు సరిగా ఆనడం లేదు. ప్రింట్‌ను కంటికి దగ్గరగా పట్టుకుని చూసింది. నేను దర్వాజ, రంజన్, స్తంభాలు అన్నీ చెప్పాను. మొత్తం విన్నది. "మరి కట్టినోళ్ళు నీ లెక్క రాత్రంత కూసొని చూసిండ్రా?" అని అడిగింది. చూసే ఉంటారు నాయినమ్మా, కట్టకముందే చూసి ఉంటారు అన్నాను. "ఏంల చూసిండ్రు?" అంది. నేను ఏమీ చెప్పలేకపోయాను. ఆ ప్రశ్న ఇప్పటికీ నాతోనే ఉంది.

ఇన్‌స్టిట్యూట్ మూతపడి చాలా ఏళ్ళైంది. అన్న వేరే దేశంలో ఉన్నాడు. నేను హైదరాబాద్‌లో కట్టబోయే ఇళ్ళను ముందుగా బొమ్మల్లో చూపించే పని చేస్తున్నాను. పోయిన నెల సార్ ఫోన్ చేసి ఆ ఫైల్ ఉందా అని అడిగారు. మనవడికి చూపించాలట. పాత ఫ్లాపీ నుంచి సీడీకి, సీడీ నుంచి హార్డ్ డిస్క్‌కు మోసుకుంటూ వచ్చాను కాబట్టి దొరికింది. రాత్రంతా పట్టిన బొమ్మ నేను మంచినీళ్ళు తాగి వచ్చేలోపు అయిపోయింది.

సార్‌కు పంపేముందు అందులో ఒకటి చేర్చాను. గడప ఇవతల ఒక చిన్న శంకువు, దాని మీద ఒక గుండు. కొంగు కప్పుకుని కూర్చున్న మనిషిలా. ఈసారి బొమ్మ పెద్దది పెట్టి, ఒక్కో ఖాళీకి వేల దీపాలు పెట్టాను, కాస్త సేపు పట్టాలని. ఇప్పటి పోవ్-రేలో గీతలు దిగవు. ప్రాసెసర్‌లోని భాగాలన్నీ పని పంచుకుని చదరాలు చదరాలుగా నింపుతాయి. కప్పు నిండింది, ద్వారబంధం నిండింది, గోడ మీద నీడ వచ్చింది. కుర్చీ దగ్గరికి లాక్కున్నాను. చివరి వరస చదరాల్లో గడప వచ్చింది, ఆమె వచ్చింది, ఆమె ముందు నేల మీద అంచుల్లేని చిన్న నీడ వచ్చింది.